ఫోన్ పనికి కూలి ఎంత?

(సమాఖ్య వార్షిక మహాసభలో గోలేటి పిండివంటల యూనిట్ సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



"మీ యూనిట్ ఎట్ల నడుస్తున్నదో నాలుగు మాటలు చెప్పుండ్రి" అని మమ్మల్ని పిలిచారు. సకినాల గురించి, కారప్పూస గురించి చెప్తామని మీరు అనుకుంటుండొచ్చు. సకినాలు చుట్టడంలో మాకన్నా చేయి తిరిగినవాళ్లు ఈ హాలులోనే చాలామంది ఉన్నారు. అందుకని మేము తప్పు చేసి నేర్చుకున్న ఒక్క విషయమే చెప్తాం. అది ఫోన్ విషయం. ఆర్డర్లు రాసుకొని, అడిగినోళ్లకు జవాబు చెప్పి, డబ్బులు పడ్డాయో లేదో చూసే మనిషికి ఎంత ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమవుతుంది అన్న విషయం.

మా యూనిట్‌లో మూడు సంఘాల నుంచి 12 మందిమి ఉన్నాం. అందరం గోలేటి వాళ్లమే. కొందరి భర్తలు సింగరేణిలో పర్మినెంటు, కొందరివాళ్లు కాంట్రాక్టు కార్మికులు, ఇద్దరి భర్తలు రిటైర్ అయ్యారు. గోలేటి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం కాబట్టి ఇక్కడ అన్నీ షిఫ్టు ప్రకారమే నడుస్తాయి. పొద్దున 7 గంటలకు ఫస్ట్ షిఫ్టు, మధ్యాహ్నం 3 గంటలకు సెకండ్ షిఫ్టు, రాత్రి 11 గంటలకు నైట్ షిఫ్టు. మా గిరాకీ కూడా అదే వేళలకు వస్తుంది. మూడున్నరకు ఒక గుంపు మెసేజ్‌లు, రాత్రి పదకొండున్నరకు ఇంకో గుంపు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చిన మనిషి అన్నం తిని, అప్పుడు ఫోన్ చూసుకుంటూ "రెండు కిలోల సకినాలు కావాలె" అని పెడతాడు.

మొదట్లో ఫోన్ పని అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. గిరాకీ అంతా కాలనీలోనే. మనిషి గుమ్మం ముందుకొచ్చి అడిగేవాడు, మేము డబ్బాలో పోసి ఇచ్చేవాళ్లం. తర్వాత బెల్లంపల్లి, మంచిర్యాల, కాగజ్‌నగర్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఇక్కడి నుంచి బదిలీ అయి గోదావరిఖని, భూపాలపల్లి పోయిన కుటుంబాలు కూడా మళ్లీ మమ్మల్నే అడిగాయి. వాట్సాప్ పెట్టుకున్నాం, పార్సిళ్లు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాం. అమ్మకం పెరిగింది. దాంతోపాటే ఫోన్ పని కూడా పెరిగింది కానీ, ఆ సంగతి మా లెక్కలోకి రాలేదు.

ఊరికే దొరికిన సాయం

మా సభ్యురాలి బిడ్డ ఒకరు డిగ్రీ చదువుతున్నది. "ఫోన్ నేను చూస్తా పెద్దమ్మా" అని తానే ముందుకొచ్చింది. మేము సంబరపడ్డాం. ఫొటోలు తీసి పెట్టింది, ధరల పట్టిక తయారుచేసింది, ఎవరు ఎన్ని కిలోలు అడిగారో చక్కగా రాసింది. ఏడాది పాటు ఆ పిల్లే చూసుకున్నది. మేము ఆమెకు బతుకమ్మకు ఒక డ్రెస్సు కొన్నాం, సంక్రాంతికి ఒక కిలో అరిసెలు ఇచ్చాం. దాంతో మా బాధ్యత తీరిందనుకున్నాం.

2025 సంక్రాంతి ముందు ఒక రాత్రి, సెకండ్ షిఫ్టు దిగిన ఒకాయన 15 కిలోల సకినాలు కావాలని మెసేజ్ పెట్టాడు. బిడ్డకు పెళ్లయిన తొలి సంక్రాంతి, సారె పెట్టాలి. ఆ పిల్లకు తెల్లారితే సెమిస్టర్ పరీక్ష. ఫోన్ పక్కన పెట్టి చదువుకుంటున్నది. మెసేజ్ ఎవరూ చూడలేదు. ముందటి ఏడు ఆయనకు మేమే ఇచ్చాం కాబట్టి, ఈసారి కూడా చేసి పెడతారనే నమ్మకంతో ఆయన మూడో రోజు సంచులు పట్టుకొని వచ్చాడు. మా దగ్గర మూడు కిలోలు కూడా లేవు. ఆయన తిట్టలేదు. "మీ మీద భరోసతో ఇంకెవరికీ చెప్పలేదమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండు అనిపించింది.

ఆ సాయంత్రం మేమంతా ఆ పిల్ల మీద పడ్డాం. ఫోన్ ఎందుకు చూడలేదని అడిగాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాట అన్నది. "పిండి రుబ్బినామెకు కూలి రాసుకుంటరు, ఆటో ఆయనకు కిరాయి ఇస్తరు. నాకు పరీక్ష ఉన్నదని మీలో ఒక్కరికైనా యాది ఉన్నదా పెద్దమ్మా?"

ఆ సెమిస్టర్‌లో ఆ పిల్లకు రెండు సబ్జెక్టులు పోయాయి. మా ఫోన్ వల్లనే పోయాయని మేము అనడం లేదు. మా ఫోన్ వల్ల కాదని కూడా అనలేం.

పుస్తకాలు రాసే మనిషి గుర్తొచ్చింది

ఆ వారం మీటింగ్‌లో గట్టి వాదన జరిగింది. పిల్ల తల్లే మొదట వద్దన్నది. "ఇంటి పిల్లకు కూలి ఏందక్కా? సంఘం మనది గాదా?" అన్నది. ఇంకో అక్క, "ఫోన్ల మాట్లాడుడు గూడ పనేనా, కూసున్న కాడ అయిపాయె" అన్నది.

అప్పుడు మా అందరిలో పెద్దామె పాత సంగతి ఒకటి గుర్తుచేసింది. మన పంచసూత్రాల్లో ఐదోది పుస్తకాల నిర్వహణ. సంఘాలు పెట్టిన కొత్తల్లో మా పుస్తకాలు ఒక సభ్యురాలి కొడుకు ఊరికే రాసేవాడు. వాడు పై చదువులకు పోయాడు, నాలుగు నెలలు పుస్తకం ఖాళీగా ఉన్నది. బ్యాంకు లింకేజీ రుణానికి పోతే "పుస్తకాలు సరిగ్గా లేవు" అని తిప్పి పంపారు. అప్పటి నుంచి బుక్ కీపర్‌కు నెలనెలా డబ్బులు ఇస్తున్నాం. ఇప్పుడు అది దండగ అని ఎవరూ అనరు. "అప్పుడు పుస్తకం ఎట్లనో ఇప్పుడు ఫోన్ అట్ల" అన్నది పెద్దామె. దాంతో వాదన అయిపోయింది. ఇక మిగిలింది ఎంత ఇవ్వాలన్నదే.

బయట ఎంత అడుగుతున్నారు

ముందు బయట వాకబు చేశాం. ఇట్లాంటి పనిని ఇంట్లోనో ఇంకో ఊళ్లోనో కూర్చొని ఫోన్, కంప్యూటర్ మీద చేసిపెట్టేవాళ్లను వర్చువల్ అసిస్టెంట్ అంటారట. అమెరికాలో చిన్న వ్యాపారాలు చేసేవాళ్లు ఫిలిప్పీన్స్‌లో, మన దేశంలో ఉన్నవాళ్లతో గంటల లెక్కన ఇట్లా పని చేయించుకుంటారు. అంటే మనం కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

నగరంలో ఒకరిని అడిగితే నెలకు 15,000 రూపాయలు చెప్పారు. అది ఎక్కువని మేము అనం. రోజంతా కూర్చునే మనిషికి ఆ మాత్రం కావాలి. కానీ ముందటి ఏడాది మా అమ్మకం మొత్తం 2,085 కిలోలు. ఏడాదికి 1,80,000 రూపాయలు జీతం ఇస్తే కిలో మీద 86 రూపాయలు పడుతుంది. మా కిలో సకినాలు అప్పుడు 380 రూపాయలు. అంత భారం మోయలేం. పైగా ఆ మనిషికి సెకండ్ షిఫ్టు ఎప్పుడు దిగుతుందో తెలియదు, సారె సకినాలు వేరే సైజులో చుట్టాలని తెలియదు. అవి మేము నేర్పాలి. నేర్పే టైము కూడా ఖర్చే.

మనిషి లేకుండా నడుస్తదా అని కూడా చూశాం. వాట్సాప్ బిజినెస్ ఆప్ ఉచితం. అందులో వస్తువుల పట్టిక పెట్టుకోవచ్చు, పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి పెట్టుకోవచ్చు, రాత్రి వచ్చిన మెసేజ్‌కు "రేపు పొద్దున 10 గంటలకు జవాబు చెప్తాం" అని దానంతట అదే పోయేటట్టు పెట్టుకోవచ్చు. ఇది వెంటనే పెట్టుకున్నాం. సగం ప్రశ్నలు తగ్గినయి. కానీ "నూనె వాసన వచ్చింది" అని ఫోన్ చేసిన ఆమెకు యంత్రం ఏం సముదాయిస్తుంది? పార్సిల్ బస్టాండ్‌లో దొరకలేదంటే ఎవరు వెతుకుతారు? మనిషి కావాల్సిందే.

లెక్క ఎట్ల తేల్చాం

ఒక నెల రోజులు గోడకు ఒక నోటు పుస్తకం వేలాడదీశాం. ఫోన్ ఎవరు పట్టుకున్నా, ఎన్ని నిమిషాలు పట్టుకున్నారో రాయాలి. నెలాఖరుకు కూడితే రోజుకు సుమారు రెండు గంటలు తేలింది. పాత ఆర్డర్ల పుస్తకం ముందు పెట్టుకొని ఏడాదిని మూడు భాగాలు చేశాం. పండుగ నెలలు మూడు, రోజుకు 5 గంటలు. మామూలు నెలలు ఐదు, రోజుకు 2 గంటలు. మందం నెలలు నాలుగు, రోజుకు 1 గంట. నెలకు 26 పనిదినాలు.

పండుగ నెలలు మన దగ్గర ఎట్ల ఉంటాయో మీకు చెప్పాల్సిన పని లేదు. దసరా ముందు సింగరేణి లాభాల వాటా ఖాతాల్లో పడుతుంది. 2024లో మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా 5,000 రూపాయలు ఇచ్చారు. ఆ వారం మా ఫోన్ కింద పెట్టే పని లేకుండె.

ఇక గంటకు ఎంత? ఎవరికి తోచింది వారు చెప్పారు. చివరకు అందరికీ తెలిసిన కూలి ఒకటి తీసుకున్నాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 38 రూపాయల పైన. దానికన్నా తక్కువ ఇస్తే తప్పు. చదువు, లెక్క, మాట నేర్పు కావాల్సిన పని కాబట్టి గంటకు 50 రూపాయలని తీర్మానం రాసుకున్నాం. ఫోన్ రీచార్జి నెలకు 300 రూపాయలు యూనిట్‌దే.

లెక్క ఇట్లా వచ్చింది.

పండుగ నెల: 130 గంటలకు 6,500, రీచార్జి 300, మొత్తం 6,800 రూపాయలు. అమ్మకం 400 కిలోలు. కిలోకు 17 రూపాయలు.

మామూలు నెల: 52 గంటలకు 2,600, రీచార్జి 300, మొత్తం 2,900 రూపాయలు. అమ్మకం 145 కిలోలు. కిలోకు 20 రూపాయలు.

మందం నెల: 26 గంటలకు 1,300, రీచార్జి 300, మొత్తం 1,600 రూపాయలు. అమ్మకం 40 కిలోలు. కిలోకు 40 రూపాయలు.

ఏడాది మొత్తం ఖర్చు 41,300 రూపాయలు, అమ్మకం 2,085 కిలోలు. కిలోకు 20 రూపాయల కన్నా కొంచెం తక్కువ. మందం నెలలు ఒక్కటే చూస్తే "వద్దు, మానేద్దాం" అనిపిస్తుంది. పండుగ నెలలు ఒక్కటే చూస్తే "ఇదేం పెద్ద ఖర్చు" అనిపిస్తుంది. ఏడాది మొత్తం చూస్తేనే నిజం తెలుస్తుంది. అందుకని అమ్మిన ప్రతి కిలో మీద 20 రూపాయలు తీసి "ఫోన్ పద్దు" కింద వేరే పెడుతున్నాం. పండుగల్లో మిగిలింది మందం నెలలకు పనికొస్తుంది.

సకినాలు కిలో 380 నుంచి 400 చేశాం. ఇద్దరు ముగ్గురు "ఎందుకు పెంచిన్రు" అని అడిగారు. "ఫోన్ చూసే పిల్లకు కూలి ఇస్తున్నం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాం. దాని కోసం మానేసినవాళ్లు మాకు కనబడలేదు.

ఎవరిని పెట్టుకున్నాం, ఏం షరతులు రాసుకున్నాం

డిగ్రీ చదివి, పెళ్లయి గోలేటికి వచ్చిన ఒక కోడలు క్వార్టర్లలో ఉంటుంది. చిన్న పిల్లలు, భర్తకు షిఫ్టు మారుతుంటుంది. బయటకు పోయి ఉద్యోగం చేసే వీలు లేదు, ఇంట్లో కూర్చొని చేసే వీలు ఉన్నది. ఒక నెల చూద్దామని 2025 ఉగాది తర్వాత మొదలుపెట్టాం. ఇప్పటికీ ఆమే చూస్తున్నది. పని పెట్టుకునేటప్పుడు మినిట్స్ పుస్తకంలో రాసుకున్న షరతులు మీకు పనికొస్తాయని చెప్తున్నాం.

ఒకటి, సిమ్ కార్డు యూనిట్ లీడర్ పేరు మీదే ఉండాలి. మనిషి మారినా నంబరు మారొద్దు. గిరాకీ అంతా ఆ నంబరులోనే ఉన్నది.

రెండు, బ్యాంకు ఖాతా, పిన్, ఓటీపీ ఆమె చేతికి ఇవ్వం, ఆమె అడగదు. మన ఖాతాలు ఇద్దరి సంతకాలతో నడుస్తాయి. ఫోన్ వచ్చిందని ఆ పద్ధతి విడిచిపెట్టొద్దు. డబ్బులు తీసుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పిన్ కొట్టమన్నారంటే మన ఖాతా నుంచే డబ్బులు పోతున్నాయని అర్థం. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మూడు, డబ్బులు పంపినట్టు స్క్రీన్‌షాట్ పెడితే సరిపోదు. ఖాతాలో పడ్డట్టు లీడర్ చూసి చెప్పాకే పార్సిల్ కట్టాలి.

నాలుగు, పని వేళలు పొద్దున 10 నుంచి 11, మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగున్నర. పండుగలకు గంటలు పెరిగితే కూలి కూడా పెరుగుతుంది. రాత్రి మెసేజ్‌లకు పొద్దున జవాబు. ఆమె రాత్రి పూట ఫోన్ ముట్టనక్కర లేదు.

ఐదు, ప్రతి సాయంత్రం ఆర్డర్ల పుస్తకం, ఫోన్ రెండూ పక్కపక్కన పెట్టి లీడర్ సరిచూడాలి. దీనికి అరగంట పడుతున్నది. ఆ అరగంట కూలి మా లెక్కలో ఇంకా లేదు. అది కూడా రాయాలని ఈ మధ్యే మా మీటింగ్‌లో మాట వచ్చింది.

ఆరు, ఆమె రాలేని రోజు ఎవరు చూడాలో ముందే పేరు రాసి పెట్టుకోవాలి. ఆ రోజు చూసినామెకు కూడా అదే కూలి.

మొదటి ఏడాది గడిచింది. కాగితం మీద లెక్క ప్రకారం ఫోన్ పద్దులో 400 రూపాయలు మిగలాలి. నిజానికి 700 తక్కువ పడింది, ఎందుకంటే దసరా నెలలో గంటలు అనుకున్నదానికన్నా ఎక్కువయ్యాయి. ఆ 700 లాభంలోంచి తీసి పెట్టాం. అయినా చూడక పోగొట్టుకున్న ఆర్డరు ఈ ఏడాది ఒక్కటి కూడా లేదు. పోయిన సంక్రాంతికి ఆ సారె ఆయనకు మేమే ఫోన్ చేసి అడిగాం. ఐదు కిలోలు తీసుకున్నాడు. మునుపటి 15 కిలోల నమ్మకం ఇంకా రాలేదు. దానికి టైము పడుతుంది.

మేము పడ్డ బాకీ

ఇంకో మాట చెప్పి ముగిస్తాం. ఏడాది లెక్క వేసినప్పుడు ఒక అంకె మా ముందు నిలబడ్డది. 41,300లో రీచార్జి 3,600 తీసేస్తే కూలి 37,700 రూపాయలు. ఆ పిల్ల ఏడాది పాటు చేసింది అదే పని. అంటే మేము ఆమెకు 37,700 రూపాయలు బాకీ. ఆ ఏడాది మేము పంచుకున్న లాభంలో ఆ పిల్ల కూలి కూడా కలిసి ఉన్నది. లాభం వచ్చిందని మీటింగ్‌లో చప్పట్లు కొట్టుకున్నాం. అది పూర్తిగా మా లాభం కాదు.

ఒకేసారి ఇచ్చే శక్తి మాకు లేదు. ముందు 10,000 ఇచ్చాం. మిగిలినది అప్పుల పేజీలో రాసి నెలకు 1,000 చొప్పున తీరుస్తున్నాం. పిల్ల తల్లి మొదటిసారి సంతకం పెట్టేటప్పుడు ఏడ్చింది. "నా బిడ్డ చేసింది పని అని నేను గూడ అనుకోలే అక్కా" అన్నది. ఆ పిల్ల పోయిన రెండు సబ్జెక్టులు మళ్లీ రాసి పాసయ్యింది. పరీక్ష ఫీజు ఆ 10,000లోంచే కట్టుకున్నది. ఎవరి దయా కాదు, తన కూలి పైసలు.

సమాఖ్యకు మా విన్నపాలు రెండు.

మొదటిది, వ్యాపారం చేసే ప్రతి యూనిట్ లెక్కల పుస్తకంలో బియ్యం, నువ్వులు, నూనె, గ్యాసు పక్కన ఫోన్ పనికి కూడా ఒక గడి పెట్టండి. డబ్బులు ఇవ్వలేకపోయినా గంటలైనా రాయండి. ఎవరి బిడ్డ, ఎవరి కోడలు ఊరికే చేస్తున్నదో అప్పుడే కనబడుతుంది.

రెండోది, చిన్న యూనిట్‌కు ఒక్కరిని పెట్టుకోవడం భారం. ఎనిమిది గంటలకు, గంటకు 50 చొప్పున, నెలకు 26 రోజులు అంటే 10,400 రూపాయలు. నాలుగు యూనిట్లు కలిసి ఒక్కరిని పెట్టుకుంటే సగటున ఒక్కొక్కరికి 2,600 పడుతుంది. కుట్టు సెంటర్, పచ్చళ్లు, పిండివంటలు, విస్తరాకులు ఇవన్నీ ఒకే నెలలో మందంగా ఉండవు. ఒకరికి పని లేని నెల ఇంకొకరికి పని ఉంటుంది. ఆ పిల్లకు ఏడాదంతా పని దొరుకుతుంది, మనకు గంటల లెక్కన ఖర్చు పడుతుంది. సమాఖ్య ముందుకొస్తే మొదటి యూనిట్‌గా మా పేరు రాసుకోండి.

అక్కలారా, మన సంఘాలు పెట్టుకున్నప్పుడు ఇంట్లో మన పనికి విలువ లేదని బాధపడే పెట్టుకున్నాం. అదే తప్పు మనం మన బిడ్డల దగ్గర చేయొద్దు. ఇంటికి పోయాక మీ యూనిట్ ఫోన్ ఎవరి చేతిలో ఉన్నదో చూడండి. ఆమె రోజుకు ఎన్ని గంటలు చేస్తున్నదో ఒక్క నెల రాయండి. ధర సంగతి తర్వాత మాట్లాడుకుందాం.